పసుపు నూలు

“మీ కోడలు ఏం పని చేస్తుందమ్మా?” అని అడిగినాడు డాక్టరు.

“ఏమీ లేదు సామీ,” అన్నా. “మా ఇంటి ఆడవాళ్ళు పనికి పోయేవాళ్ళు కాదు. నీడపట్టున ఇంట్లోనే ఉంటారు.”

ఆయన అడిగింది మునిలక్ష్మిని చూసి. చెప్పింది నేను. అది మా ఇంటికి కోడలై వచ్చి రెండేండ్లు కూడా కాలేదు. పెద్దాస్పత్రిలో డాక్టరు ముందర అది మాట్లాడేదేంది, నేను లేనా? నా కొడుకు నరసింహప్ప వెనకాల గోడకు ఆనుకుని నిలబడి ఉండాడు. వాడు నా ముందర నోరు తెరిచేదే తక్కువ. మా ఆయన పోయినాక ఆ ఇంటికి మగదిక్కూ నేనే, ఆడదిక్కూ నేనే. సుబ్బలక్ష్మమ్మ అంటే బెంగళూరు కబ్బన్‌పేటలో మా సందులో ఏ మగ్గం ఇంట్లో అడిగినా చెప్తారు, ఆయమ్మ నోటికొక దండం అని.

అప్పుడు యుద్ధం జరుగుతా ఉండింది. నలభై మూడో ఇసవి, జ్యేష్ఠం ముగిసే దినాలు. మునిలక్ష్మికి చైత్రంలో మూడో నెల కడుపు పోయింది. ఆ సంగతి మళ్ళ ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. ఎత్తితే ఏమొస్తుంది, ఇంగొకటి నిలుస్తుందిలే అనుకున్నాం. అయితే అప్పట్నుంచి పిల్ల తేరుకోలేదు. పెదాలు సున్నం కొట్టినట్లు తెల్లబడినాయి. రెండు బిందెలు నీళ్ళు తెచ్చేసరికి గడప మీద కూలబడేది. కడుపులో మెలిపెడతా ఉండాది అత్తా అనేది. ఉండేది ఉన్నట్లు చెప్తా, ముందర నేను నమ్మలేదు. చిన్న వయసు, పని తప్పించుకునేకి చేస్తా ఉండాది అనుకున్నా. ఒక దినం రాగిముద్ద కెలుకుతా కెలుకుతా పొయ్యి ముందరే కళ్ళు తిరిగి పడింది. ఆ దినమే జట్కా కట్టించి ఆస్పత్రికి తెచ్చినాం.

డాక్టరు పేరు చంద్రశేఖర్. చిన్న వయసు, ఓపిక ఉండే మనిషి. కన్నడంలోనే మాట్లాడినాడు, మాకు తెలుగూ కన్నడమూ రెండూ ఒకటే. దాని కంటి రెప్ప కిందికి లాగి చూసినాడు, నాలుక చూసినాడు. చిగుళ్ళ అంచున సన్నగా నల్లటి గీత ఉండేది చూసి ఇదేంది అన్నాడు. “పళ్ళకు బొగ్గుపొడి వాడతాం సామీ,” అని అదీ నేనే చెప్పినా. వేలు గుచ్చి గాజుబిళ్ళల మీద రక్తం రాసుకుని లోపలికి పోయినాడు. చాలాసేపటికి వచ్చి నన్నూ నరసింహప్పనూ మాత్రం బయటికి పిలిచినాడు.

“రక్తం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదమ్మా,” అన్నాడు. “ఉన్నదాంట్లో కూడా చుక్కలు చుక్కలుగా ఏదో కనిపిస్తా ఉంది. ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను. మద్రాసులో రక్తం జబ్బులు తెలిసిన పెద్ద డాక్టరు ఉన్నాడు, గాజుబిళ్ళలు ఆయనకు పంపుతాను.”

“మీరేమనుకుంటా ఉండారు సామీ?”

“ఊరికే రక్తం తక్కువైతే మందు ఉంది. అసలు ఒంట్లో రక్తం ఊరడమే నిలిచిపోయి ఉంటే...” అని ఆగినాడు. “అట్లైతే మాత్రం మందు లేదు. ఇప్పుడే అది మనసులో పెట్టుకోవద్దండి.”

పెట్టుకోవద్దంటే ఎవరి మనసు వింటుంది?

“ఎన్ని దినాలకు తెలుస్తుంది?” అని నరసింహప్ప అడిగినాడు. వాడి గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“మూడు వారాలు. యుద్ధం కదా, టపా సరిగ్గా పోవడం లేదు. నాలుగైనా పట్టొచ్చు.”

నాలుగు కాదు, ఏడు వారాలు పట్టింది.

ఇంటికి వస్తూనే నేను ఒక తీర్మానం చేసుకున్నా. నీళ్ళు మోసేది, దంచేది, రుబ్బేది ఏదీ ఇంగ కోడలు ముట్టగూడదు, అంతా నేనే చేస్తా అని. “నువ్వు కూర్చుని చేసేది చేసుకో చాలు,” అన్నా.

కూర్చుని చేసేదంటే రాట్నం తిప్పి చిలపలుగా, కట్టలు కట్టి ఉండే నూలు కండెలకు చుట్టేది, కండెను మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టి మొగుడి చేతికి అందించేది. మా ఇళ్ళల్లో దాన్ని పని అని ఎవరూ అనరు. గుంతలో కూర్చుని మగ్గం ఆడించేది పని, అది మగవాళ్ళది. కండెలు చుట్టేది అంటే వాకిలి చిమ్మేది, దీపం పెట్టేది మాదిరి, ఆడదానికి ఊరికే అంటుకుని ఉండేది. నేను డాక్టరుకు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అది ఏ పనీ చెయ్యదనే అనుకున్నా.

మా ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండింది మా ఇంట్లో, మగ్గం ఆగగూడదు అని. మూడు నాడెలు పెట్టుకునేవాళ్ళం. ఒకటి మగ్గంలో ఆడుతా ఉంటే తక్కిన రెండూ కొత్త కండెలతో సిద్ధంగా ఉండాల. నాడె పక్కన చిన్న కన్ను ఉంటుంది, కండె పెట్టినప్పుడంతా దారం కొసను ఆ కంట్లోంచి బయటికి తియ్యాల. సూదితో తీస్తే చాలా సేపు పడుతుంది. కంటికి నోరు పెట్టి ఒక్క పీల్పు పీలిస్తే చటుక్కున వచ్చేస్తుంది. ముప్పై ఏండ్లు నేను పీల్చినా. ముందరి పళ్ళు ఊడినాక నాకు గాలి నిలవలేదు, ఆ పని కోడలికి వచ్చింది. దినానికి నూరుసార్లకు తక్కువ ఉండదు. మునిలక్ష్మి భలే చురుకు, ఎడమ చేత్తో రాట్నం ఆపేలోపల కుడి చేత్తో నాడె నోటికి పోయేది. మా సందులో ఇట్లాంటి కోడలు ఎవరికుండాది చూపించండి అని నేను వాళ్ళకూ వీళ్ళకూ చెప్పుకునేదాన్ని.

ఆ యేడు మగ్గం మీద గౌరి పండగ చీరలు. మా బెంగళూరులో గౌరి పండగకు ఆడబిడ్డకు పుట్టింటి చీర పోవాల్సిందే, అదీ పసుపు చీర ఎర్రంచుదైతే అందరికీ ఇష్టం. యుద్ధానికి ముందర పసుపు రంగు సీమ నుంచి డబ్బాల్లో వచ్చేది. యుద్ధం వచ్చినాక అది నిలిచిపోయింది. పక్క సందులో రంగులేసే వెంకటగిరియప్ప మాఘమాసంలో ఎవరో షావుకారి దగ్గర ఏవో రెండు ఉప్పులు తెచ్చినాడు. తెల్ల ఉప్పు నీళ్ళలో ఒకసారి, ఎర్ర ఉప్పు నీళ్ళలో ఒకసారి నూలు ముంచితే చాలు, బంతిపువ్వు పసుపు తిరిగేది. ఉతికినా పోదు. మేమంతా ఆయప్పను మెచ్చుకున్నాం. ఒకటే చిక్కు, చిలప చుట్టేటప్పుడు పొడి రాలేది. సాయంత్రానికి మునిలక్ష్మి ఒడి నిండా పసుపు పొడి ఉండేది. ముత్తైదువ ఒడిలో పసుపు రాలితే మంచిదే కదా అని నేను దులపనిచ్చేదాన్ని కాదు, దీపం పెట్టినాక దులుపుకోవే అనేదాన్ని.

“ఈ నూలు తియ్యగా ఉంటుంది అత్తా,” అనింది ఒక దినం.

“మంచిదాయె. చక్కెరేమో కూపన్లకు కూడా దొరకదు, నువ్వు నాడెలోనే తినేస్తా ఉండావు,” అన్నా. ఇద్దరమూ నవ్వుకున్నాం. అప్పటికింకా ఆస్పత్రికి పోలేదు.

ఆస్పత్రికి పోయి వచ్చినాక నవ్వేది నిలిచిపోయింది. ఎవరి తిప్పలు వాళ్ళవి. నరసింహప్ప తెల్లారి గుంతలో దిగితే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. సోమవారం సోమవారం మాత్రం అంగీ వేసుకుని ఆస్పత్రికి నడిచిపోయి ఉత్తరం వచ్చిందా అని అడిగి వచ్చేవాడు. వాడు సందు మలుపులో కనిపిస్తానే నేను ముఖం చూసేదాన్ని. లేదన్నట్టు తలకాయ ఆడించి మళ్ళ గుంతలో దిగేవాడు. నాకు భయమైతే అరుస్తా, అది నా గుణం. ఆ దినాల్లో పాలవాని మీద అరిచినా, కొళాయి దగ్గర ఆడవాళ్ళ మీద అరిచినా, మేకలు వాకిట్లోకి వచ్చినాయని ఎదురింటి వాళ్ళతో గలాటా పెట్టుకున్నా. ఆ జబ్బే అయితే ఎట్ల అనే ఒక్క మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. రుబ్బురోలు ముందర కూర్చుంటే అదే మాట తిరుగుతా ఉండేది, ఆ జబ్బే అయితే ఎట్ల, ఆ జబ్బే అయితే ఎట్ల అని. ఇరవై ఏండ్ల పిల్ల.

మునిలక్ష్మికి మేమేమీ చెప్పలేదు. చెప్పకపోతే తెలీదా?

“చుక్కలంటే ఏంది అత్తా?” అనింది ఒక మధ్యాహ్నం, రాట్నం ఆపకుండానే.

“ఏం చుక్కలు?”

“నా రక్తంలో. మీరు బయట మాట్లాడతా ఉంటే వినిపించింది.”

“అవేం కాదు. అద్దం సరిగ్గా కడిగి ఉండరు ఆస్పత్రోళ్ళు,” అన్నా.

అది నమ్మినట్లు తల ఊపింది. కొంచెం సేపటికి, “ఇంగొక నాలుగు చిలపలు ఇవ్వండి అత్తా. చేతులు ఊరికే ఉంటే ఏమేమో తోస్తుంది,” అనింది.

ఇచ్చినా. నాలుగడిగితే ఆరు ఇచ్చినా, మనసు దోవ తప్పకుండా ఉంటుంది కదా అని.

ఆషాఢం రాగానే అత్తిబెలె నుంచి వాళ్ళమ్మ పిల్లమ్మ వచ్చింది. కూతురిని చూసి వాకిట్లోనే నిలబడిపోయింది. కాళ్ళకు నీళ్ళిచ్చినా కడుక్కోలేదు.

“ఏం చేసినారు వదినా నా బిడ్డను?”

“మేమేం చేస్తాం? నీళ్ళు కూడా నేనే మోస్తా ఉండా. అడుగు నీ కూతుర్నే.”

“మా ఇంట్లో అది చెరుకు గెడ మాదిరి ఉండె.”

“మీ ఇంట్లో నుంచే తెచ్చిందేమో రక్తం జబ్బు. మా వంశంలో ఎవరికీ లేదు,” అనేసినా. అనగూడని మాట. అన్నాక వెనక్కి తీసుకునేది నాకు చేతకాదు. పిల్లమ్మ ముఖం ఎర్రబడింది. మునిలక్ష్మి తన గుడ్డల మూట తనే కట్టుకుని తల్లి వెనకాల నడిచింది. సందు చివరిదాకా పోయి ఒకసారి తిరిగి చూసింది, నన్ను కాదు, మొగుణ్ణి.

ఆషాఢమంతా అది అత్తిబెలెలోనే ఉండింది. ఇక్కడ నరసింహప్ప తనే కండెలు చుట్టుకుని, సూదితో దారం తీసుకుంటా నేసినాడు. సగం కూడా సాగలేదు. మద్రాసు ఉత్తరం రాలేదు. ఆ పెద్ద డాక్టరు మిలిటరీ ఆస్పత్రి పని మీద ఎక్కడికో పోయినాడంట, వస్తేనే చూస్తాడంట.

శ్రావణం రెండో దినం నేనే అత్తిబెలెకు పోయినా. పెట్రోలు లేక బస్సుకు వెనకాల బొగ్గు కుంపటి కట్టి నడిపే కాలం. చందాపుర దాటేలోపల రెండుసార్లు నిలిచింది. నిలిచినప్పుడంతా నాకు ఒకటే దిగులు, పోయేసరికి పిల్ల ఎట్లుంటుందో, అసలు ఉంటుందో లేదో అని. పోయి చూస్తే మునిలక్ష్మి పెరట్లో ఆవుకు గడ్డి వేస్తా ఉండాది. పెదాలకు రంగు వచ్చింది. నన్ను చూసి గబగబా వచ్చి కాళ్ళకు మొక్కింది.

నాకు ముందర ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఇట్ల తిరుగుతా ఉండే పిల్లకా నేను బిందెలు మోసింది, ఇంత దానికా నిద్రలు పోగొట్టుకునింది అని.

“ఇక్కడ బాగుండాది వదినా,” అనింది పిల్లమ్మ. “ఇంగ నెల ఉండనీ. మీ ఇంటికొస్తే మళ్ళ ఏమవుతుందో.”

“మా ఇంట్లో ఏముండాది, పులి ఉండాదా? గౌరి పండగకు చీరలు ఇయ్యాల. మగ్గం నిలిచిపోయింది.”

“మగ్గం కావాల్నా, బిడ్డ కావాల్నా?”

దానికి నేను జవాబు చెప్పేలోపలే మునిలక్ష్మి, “నేను పోతానమ్మా. ఆయనకు చేతి కింద ఎవరూ లేరు,” అనింది. అది చెప్పింది కదా అని నేను ఊరుకున్నా. పిల్లమ్మ వక్కాకు కూడా పెట్టలేదు, మేము బస్సెక్కినాం.

పది దినాలు. పదంటే పది. పసుపు చిలపలు గుట్టగా పడి ఉండినాయి, పిల్ల పోయిన కాలమంతా పూడ్చాలన్నట్టు కూర్చుని చుట్టింది. ఆరో దినానికి తిండి సయించలేదు. ఎనిమిదో దినానికి కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. పదో దినం పొద్దున కాఫీ లోటా ఇస్తే చేతిలోంచి జారిపోయింది. ఇంగొకసారి పోసిచ్చినా, అదీ జారింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడతా ఉండాది, ఎత్తమంటే ఎత్తలేదు. అది తన చేతిని తనే చూసుకుంటా ఉండాది, ఎవరి చెయ్యో అన్నట్లు.

“ఏమండీ,” అనింది, నరసింహప్పను. ఆ ఒక్క మాటే. వాడు నాడె పారేసి గుంతలోంచి పైకొచ్చినాడు. ఆ దినం మగ్గం నిలిచింది.

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. డాక్టరు చెయ్యి చూసి, కడుపు చూసి, పోయి మద్రాసుకు తంతి కొట్టించినాడు. మూడు దినాలు వరండాలో కూర్చున్నాం. మొక్కని దేవుడు లేడు. అన్నమ్మ తల్లికి మొక్కినా, మా ఊరి చౌడమ్మకు మొక్కినా, నా ఆయుసు తీసి దానికి పెట్టండి అని నోరు విప్పే అడిగినా. నాకది కోడలని గుర్తు కూడా రాలేదు ఆ మూడు దినాలు. నరసింహప్ప పెండ్లాం మంచం దగ్గరికి పోయి వేలాడే ఆ చేతిని తన చేతుల్లో పెట్టుకుని కూర్చునేవాడు. నా ముందర అట్ల కూర్చోవాలంటే అంతకు మునుపైతే సిగ్గుపడేవాడు.

మూడో దినం పదిగంటలప్పుడు డాక్టరు కాగితం పట్టుకుని వచ్చినాడు. మంచం దగ్గరే నిలబడి చెప్పినాడు.

“రక్తం ఊరడం నిలిచిపోయే ఆ జబ్బు కాదమ్మా.”

మంచం కోడు పట్టుకున్నా.

“అయితే ఏంది సామీ?”

“సీసం. ఒంట్లో సీసం చేరి రక్తాన్ని చంపుతా ఉంది. ఆ చుక్కలు దాని గుర్తే అని ఆయన రాసినాడు. మీ ఇంట్లో పెయింటు పని, అచ్చుల పని, కళాయి పని ఏమైనా చేస్తారా?”

“మాది మగ్గం ఇల్లు. మా ఇంట్లో సీసం ఎక్కడుండాది?”

“ఈమె ఏం చేస్తుంది ఇంట్లో?”

“అదేమీ చెయ్యదు సామీ, నేను ముందరే చెప్తిని కదా...”

“నాడెలు పీలుస్తా,” అనింది మునిలక్ష్మి.

డాక్టరు దాని దిక్కు తిరిగినాడు. “అంటే?”

“దారం బయటికి రావాల కదా. నోటితో పీలుస్తా.” పెదాలు ముడిచి చూపించింది.

“దినానికి ఎన్నిసార్లు?”

“లెక్కపెట్టలేదు. మగ్గం ఆగగూడదు.”

“ఏ రంగు నూలు?”

“ఇప్పుడంతా పసుపే. పొడి రాలుతుంది. తియ్యగా ఉంటుంది,” అనింది.

డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టూలు లాక్కుని దాని పక్కన కూర్చున్నాడు. అంతవరకూ ఏ దినమూ కూర్చోలేదు. పీల్చేటప్పుడు ఎంత లోపలికి పోతుంది, చేతులు కడుక్కుని అన్నం తింటావా, పుట్టింట్లో ఉన్నప్పుడు ఎట్లుండింది అని ఒక్కొక్కటే అడిగినాడు. అన్నీ దాన్నే అడిగినాడు, నన్ను ఒక్కటి కూడా అడగలేదు. చిగుళ్ళు మళ్ళ చూసి, “ఈ గీత కూడా సీసానిదే. ఆ దినం నేను కూడా బొగ్గుపొడి అనుకున్నాను,” అన్నాడు.

ఆయన పోయినాక నేను దాని దగ్గర కూర్చున్నా.

“ఆ మాట మొదటి దినమే ఎందుకు చెప్పలేదే?”

“మీరు చెప్తా ఉంటిరి కదా అత్తా,” అనింది. తప్పు పట్టినట్లు కూడా అనలేదు. అడిగినందుకు చెప్పింది, అంతే.

డాక్టరు వెనకాలే వరండాలోకి పోయినా. మందు పెద్దగా ఏమీ లేదన్నాడు, పాలు బాగా తాగించండి, ఆ పసుపు రంగులోనే సీసం ఉండాది, ఆ నూలు దరిదాపుల్లో ఉండగూడదు, రక్తం తనకు తనే ఊరుతుంది, చెయ్యి కూడా మెల్లమెల్లగా లేస్తుంది అన్నాడు. పోబోతా ఉంటే నేను ఆపినా.

“చైత్రంలో దానికి కడుపు పోయింది సామీ. మూడో నెల.”

“ఆ పసుపు నూలు ఎప్పట్నుంచి?”

“మాఘం నుంచి.”

“దానివల్లే అయ్యుంటుందమ్మా. సీసం కడుపు నిలవనీదు. ఒక ఏడాది పోనివ్వండి, ఒళ్ళు శుభ్రమైతే మళ్ళ నిలుస్తుంది.”

ఆ మాట నేను నరసింహప్పకు కూడా చెప్పలేదు.

ఇంటికి పోయేసరికి వాడు నా కన్నా ముందరే చేరి ఉండాడు. మగ్గం మీద సగం నేసిన పసుపు పడుగు ఉండింది. పడుగును మధ్యలో తెంపేది అంటే మా ఇళ్ళల్లో కీడు కింద లెక్క, చావు ఇంట్లో కూడా నేసి ముగించే తీస్తారు. వాడు నన్ను అడగలేదు. కత్తి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు కోసేసినాడు. నేను చూస్తా నిలబడినా. ఆ నూలంతా గోనెలో కుక్కి ఊరి బయట గుంత తవ్వి పూడ్చి వచ్చినాడు.

నేను వెంకటగిరియప్ప ఇంటికి పోయినా, నాలుగు కడిగేద్దామని. ఆయప్ప వాకిలి జగిలి అరుగు మీద కూర్చుని ఉండాడు, వాంతులు చేసుకుని అప్పుడే కడుక్కున్నాడు. రెండు చేతులూ తొడల మీద వాలిపోయి ఉండాయి. సీసం సంగతి చెప్తే, “అయితే నా కడుపునొప్పి కూడా అదేనా సుబ్బలక్ష్మమ్మా? ఉలవలు తిని ఉష్ణమైందని మజ్జిగ తాగుతా ఉండా,” అన్నాడు. ఇంగ ఆయప్పను ఏమని తిట్టేది? పద డాక్టరు దగ్గరికి అని చెప్పి, ఆయప్ప దగ్గర పసుపు నూలు తీసుకుండే ఇళ్ళు ఏవేవో అడుక్కుని, ఒక్కొక్క ఇంటికి పోయినా. తొమ్మిది ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, నా కోడలు ఏం పని చేస్తుందని అడిగితే నేనేం చెప్పినానో అది కూడా. కొందరు విన్నారు. ఒకాయమ్మ, నీ కోడలి జబ్బు మా ఇంటికి అంటించొద్దు అని తలుపు వేసుకునింది. మర్నాడు మళ్ళ పోయి ఆ తలుపే కొట్టినా.

పదిహేను దినాలకు మునిలక్ష్మిని ఆస్పత్రి నుంచి నేరుగా అత్తిబెలెకు పంపినాం. గౌరి పండగ అయిన నాలుగో దినం నేను పోయినా. బజార్లో కొన్న ఎర్రచీర ఒకటి తీసుకున్నా. మగ్గం ఇంటివాళ్ళం చీర బజార్లో కొనింది అదే మొదలు.

పిల్లమ్మ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. మాట మాత్రం ఆడలేదు. నేనే అన్నా, “వదినా, మీ వంశంలోనిదేమో అంటిని. తప్పు నాది. జబ్బు మా ఇంట్లోదే, ఇచ్చింది నేనే.”

“తెలీక చేస్తిరి,” అనింది. దాంట్లో క్షమించినట్లు ఏమీ లేదు. పొయ్యి మీద ఏమో ఉండాదని లోపలికి పోయింది. పోనీ, ఆయమ్మకు ఆ హక్కు ఉండాది.

మునిలక్ష్మి ఎండలో కూర్చుని ఎడమ చేత్తో అలసందలు వొలుస్తా ఉండాది. ముఖంలో నెత్తురు కనిపిస్తా ఉండాది. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా లేవలేదు, వేళ్ళు మాత్రం ఆడిస్తా ఉండాది. నేను పక్కన కూర్చున్నా. దోవంతా ఒకటే మథనం. చెప్పాల్నా, వద్దా అని. ఇంత బతికి బయటపడిన పిల్ల, ఇప్పుడు చెప్పి ఏం లాభం? చెప్పకుంటే దానికి ఎప్పటికీ తెలీదు. నన్ను అసహ్యించుకునేకి ఒక కారణం తగ్గుతుంది. చందాపుర దాటేదాకా వద్దనే అనుకున్నా.

“నీకొక మాట చెప్పాలమ్మా,” అన్నా. “చైత్రంలో పోయిన కడుపు కూడా దానివల్లనే. డాక్టరు చెప్పినాడు.”

వొలిచే చెయ్యి నిలిచిపోయింది.

“ఆ నూలువల్లనా?”

“ఆ నూలువల్లనే. అది నీ చేతికి ఇచ్చింది నేను. అరిచేదుంటే అరుచు, తిట్టేదుంటే తిట్టు, పడతా.”

అది నన్ను చూడలేదు. చేటలో గింజలు చూస్తా ఉండాది. అరిస్తే బాగుండు అనుకున్నా నేను.

“మార్కెట్టులో ఒక దినం బొప్పాయి ముక్క తిన్నా అత్తా,” అనింది. “కడుపుతో ఉన్నానని అప్పటికి నాకు తెలీదు. ఒక్క ముక్కే. మళ్ళ అది పోయినాక ఎవరికీ చెప్పలేదు. రక్తంలో చుక్కలు అని డాక్టరు అంటా ఉంటే, దానికే దేవుడు ఇట్ల చేసినాడు అనుకున్నా. బిడ్డను నేనే తీసేసినా, నన్నూ తీసుకుపోతాడు అని.”

ఏడు వారాలు. మేమంతా మద్రాసు ఉత్తరం కోసం కూర్చుంటే, అది ఈ మాట మోసుకుని కూర్చునింది. నా ఎదురుగానే, రాట్నం తిప్పుకుంటా.

“దానివల్ల కాదా అత్తా?”

“కాదు,” అన్నా.

“ఒక్క ముక్క వల్ల కాదా?”

“కాదమ్మా. నీవల్ల కాదు.”

సాయంత్రం బస్సు వచ్చేలోపల అది ఎన్నిసార్లు అడిగిందో, నేనూ అన్నిసార్లు చెప్పినా.